తక్షణ కారణం

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు పది. పదహారేళ్ళుగా అశోక్‌నగర్‌లో నేను పదే చెప్తున్నాను. పక్క గల్లీ కోచింగ్ సెంటర్‌లో ఒకాయన ఎనిమిదితో సరిపెడతాడు, ఇంకొకాయన పన్నెండు చెప్పి పిల్లల్ని బెదరగొడతాడు. పది అయితే వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు, పరీక్ష హాల్లో మర్చిపోరు. తొమ్మిది అయ్యాక కాస్త ఆగి, "ఇప్పుడు తక్షణ కారణం, అండర్‌లైన్" అంటాను. నూట నలభై పెన్నులు ఒక్కసారి గీత గీస్తాయి. ఆ చప్పుడంటే నాకు ఇష్టం. దాచుకోవడం ఎందుకు, ఈ పనిలో నాకు బాగా నచ్చింది అదే.

నాకు కోపం ఎక్కువని కూడా ముందే చెప్పేస్తున్నాను. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది మనోరమా" అని మా అమ్మ యశోదమ్మ రోజుకొకసారి అంటుంది. ఆమె నోటి సంగతి మాత్రం ఎవరూ ఎత్తకూడదు. చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక గల్లీలో, రెండో అంతస్తులో, మేం ముగ్గురం ఉండేవాళ్ళం. అమ్మ, నేను, నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నవాడు తమ్ముడు అనుదీప్. వాడు నా క్లాసులోనే మూడో బెంచీ మీద కూర్చుని గ్రూప్స్‌కు చదివేవాడు. నాలుగుసార్లు రాశాడు. నాలుగోసారి రిజల్ట్ వచ్చిన రోజు, వాడు కంచం ముందు కూర్చున్నప్పుడు, నేను వాడితో ఏమన్నానో ఇక్కడ రాయలేను.

వాడి పక్కన కూర్చునేవాడు తిమ్మయ్య. పాలమూరు వైపు పిల్లవాడు, మా వీధి చివరి హాస్టల్లో ఆరుగురున్న గదిలో ఉండేవాడు. నేను చెప్పే నోట్సును కామాలతో సహా రాసుకునేవాడు. అనుదీప్‌ను అన్నా అనీ, నన్ను చూస్తే లేచి నిలబడి మేడమ్ అనీ పిలిచేవాడు. ఆ రిజల్ట్ తర్వాత వచ్చిన జనవరిలో ఇద్దరూ దుబాయ్‌లో గోదాము ఉద్యోగమని చెప్పి విమానం ఎక్కారు.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక మధ్యాహ్నం అనుదీప్ ఫోన్ చేశాడు.

"అక్కా, మేం దుబాయ్‌ల లేం. రష్యాల ఉన్నం."

"అక్కడేం పనిరా?"

"హెల్పర్ పని అన్నడు ఏజెంటు. కాయితమంత రష్యన్‌ల ఉండె, సంతకం పెట్టినం. ఇప్పుడు బట్టలిచ్చిండ్రు అక్కా. మిలిటరీ బట్టలు."

ఏజెంటు నంబరు అడిగి చేతి మీద రాసుకున్నాను. "తిమ్మయ్య పక్కనే ఉన్నడు, మాట్లాడుతవా?" అన్నాడు వాడు. నేను వద్దన్నాను. ఆ ఏజెంటు నంబరు అప్పటికే పనిచేయడం లేదు.

*

వారం తిరగకముందే తిమ్మయ్య వాళ్ళమ్మ బుచ్చమ్మ మా గడప ముందుకు వచ్చింది. చేతిలో బట్టల సంచి, సంచిలో గుడ్డకు చుట్టిన జొన్నరొట్టెలు. నాకంటే ఐదారేళ్ళు పెద్దది కావచ్చు. భర్త లేడు, ఒక్కడే కొడుకు. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా గోడకు ఆనుకుని నిలబడింది.

"పట్నంల నాకెవ్వరు లేరు మేడమ్. మీవోడు మావోడు కల్సే ఉన్నరంట గదా. మీకు ఫోనొస్తే నేను గూడ జర మాట్లాడ్త."

"ఎన్ని దినాలుంటవ్?" అంది అమ్మ.

"పిలగాడొచ్చేదాంక."

అమ్మ ఆమెకు మంచినీళ్ళు వేరే స్టీలు గ్లాసులో ఇచ్చింది. తాగాక ఆ గ్లాసు కిటికీలో పెట్టమంది. నేను చూసి, లోపలికి పోయాను. క్లాసులో అంటరానితనం మీద గంటన్నర పాఠం చెప్పే మనిషిని నేను.

"మా పిల్లగాడు ఉత్త అమాయకుడు బుచ్చమ్మా. ఒక్కడే బస్సు గూడ ఎక్కడు. నీ కొడుకే ఈ కథంత నడిపిండు" అని అమ్మ ఆ రోజే అనేసింది.

బుచ్చమ్మ తల దించుకుంది. "అయ్యుంటదమ్మా. మావోనికి తొందర జాస్తి. పెద్దింటి పిలగాణ్ణి ఆగం జేసిండు. తప్పయింది." ఆ తప్పయింది అన్న మాట ఆమె ఆ ఎండాకాలమంతా అంటూనే ఉంది. చెట్నీలో ఉప్పు ఎక్కువైనా తప్పయిందే, అనుదీప్ ఫోన్‌లో దగ్గితే దానికీ తప్పయిందే. నాకు అందులో అన్యాయమేమీ కనిపించలేదు, ఎందుకంటే నేనూ అమ్మ అన్నదే నమ్మాను. పల్లెటూరి పిల్లవాడు, అవసరం ఉన్నవాడు, వాడే దారి వెతికి ఉంటాడనుకున్నాను.

మరుసటి సోమవారం కలెక్టర్ ఆఫీసులో ప్రజావాణికి అర్జీ ఇవ్వాలనుకున్నాం. అర్జీ నేనే రాశాను. నాలుగు పేజీలు, హెడ్డింగులతో సహా. విషయం, నేపథ్యం, కారణాలు, అభ్యర్థన. కారణాల కింద, "తిమ్మయ్య అను వ్యక్తి మా తమ్ముని ప్రలోభపెట్టి విదేశమునకు తీసుకొని వెళ్ళినాడు" అని రాశాను. రెండు కుటుంబాల సంతకాలుంటే బరువుగా ఉంటుందని కింద బుచ్చమ్మను సంతకం చేయమన్నాను. ఆమె నేల మీద బోర్లా పడుకున్నంత వంగి, ఒక్కొక్క అక్షరం దిద్దింది.

"సంతకం మావోడే నేర్పిండు. పేరు తప్ప వేరే ఏది రాయరాదు" అంది. పెన్ను తిరిగి ఇస్తూ, "ఏం రాసినవ్ మేడమ్?" అని అడిగింది.

"ఇద్దర్ని తీస్కరమ్మని రాసిన."

అదీ రాశాను, అబద్ధం కాదు. మిగతాది చదివి వినిపించలేదు.

*

ఆదివారాలు మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ వచ్చేది. ఎవరిదో ఫోన్ అడుక్కుని చేసేవాళ్ళు, ఇద్దరికీ కలిపి అయిదు నిమిషాలు. అనుదీప్ భయం చెప్పేవాడు. గుంతలు తవ్విస్తున్నారని, పైన డ్రోన్లు తిరుగుతుంటాయని, పక్క గుంతలో నేపాల్ పిల్లవాడు పోయాడని. తిమ్మయ్య వాళ్ళమ్మకు అవేమీ చెప్పేవాడు కాదు.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననే. రొట్టె పెడుతరు. నువ్వు చేసిన రొట్టె లెక్క గాదు, ఇటుకపెళ్ళ లెక్కుంటది."

"నాననియ్యి పాలల్ల."

"పాలు యాడియమ్మా ఈడ."

ఫోన్ పెట్టేశాక ఆమె ఆ నాలుగు మాటలే వారం పొడుగునా అమ్మకు చెప్పేది. అమ్మ విసుక్కుంటూ వినేది. వంటింట్లో ఇద్దరికీ రోజూ గొడవే. చింతపండు నువ్వు ఎక్కువేశావంటే నువ్వు ఎక్కువేశావని. మేలో అమ్మకు మోకాళ్ళు పట్టేస్తే బుచ్చమ్మే నూనె రాసి కట్టు కట్టింది. ఆ స్టీలు గ్లాసు కిటికీలోంచి వంటింటి అరలోకి ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. వరండాలో పడుకునే మనిషి అమ్మ మంచం పక్కకు వచ్చేసింది. నేనూ ఆమెను అక్కా అనడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ ఆమె అడిగింది. "వాళ్ళకు వాళ్ళకు పంచాయితేంది మేడమ్?"

ప్రశ్న వినపడితే నేను ఆగలేను. సోవియట్ యూనియన్ దగ్గర మొదలుపెట్టాను. అది విడిపోవడం, కూటములు తూర్పుకు జరగడం, క్రిమియా, గ్యాసు పైపులు, ఎవరి భయం ఎవరిది. ఇరవై నిమిషాలు చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది, మిరపకాయలు అయిపోయాయి.

"అంటే పొలం గెట్టు పంచాయితి."

"అంత అల్కగ లేదక్కా."

"మా ఊర్ల గూడ అల్కగ ఉండదు మేడమ్. గెట్టు కాడ తలకాయలు పగుల్తయి. గని కొట్లాటకు వేరే ఊరి పిలగాండ్లను పిలువరు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీకు సమజ్ గాదులే" అని లేచిపోయాను. పదహారేళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఎదురు చెప్తే వచ్చే కోపం అది.

అప్పుడప్పుడూ నాకు టిఫిన్ డబ్బా తెచ్చిపెట్టి, చివరి బెంచీలో కూర్చుని క్లాసు వినేది. ఫ్యాను గాలికి వస్తున్నాననేది. ఒక రోజు యుద్ధ పర్యవసానాలు చెప్తున్నాను. ఒకటి, సుమారు కోటి మంది సైనికులు మరణించారు. రెండు, నాలుగు సామ్రాజ్యాలు కూలిపోయాయి. పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు. క్లాసయ్యాక నారాయణగూడ దాకా కూరగాయలకు ఇద్దరం నడుస్తుంటే అడిగింది.

"కోటి మందిని ఎవరు లెక్కబెట్టిండ్రు?"

"ఆయా సర్కార్లు."

"మనోళ్ళను గూడ లెక్కబెట్టిండ్రా?"

"పెట్టిండ్రు. మనోళ్ళు డెబ్బై వేల పైన."

"అయితే రాసుకుంటరన్నట్టు" అంది. ఆమెకు అది ఎంతో ధైర్యమిచ్చినట్టు కనిపించింది. నేను వంకాయల వైపు చూశాను.

మే చివర్లో ఊళ్ళో ఏదో పని ఉందని రెండు రోజులకు పోయి వచ్చింది. వచ్చాక చింతపండు గొడవ కూడా పెట్టుకోలేదు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అన్నం తినడం ఆపి చెప్పింది. మా అర్జీ మీద విచారణకు ఒక కానిస్టేబులు వాళ్ళ ఊరికి వెళ్ళాడట. పంచాయతీ ఆఫీసు ముందర అందరూ వింటుండగా ఆ కాగితం చదివాడట. తిమ్మయ్య పెద్దింటి పిల్లవాణ్ణి మాయమాటలు చెప్పి తీసుకుపోయాడని, కాదు కాదు ఏజెంటుకు అమ్మేశాడని, ఊరంతా అనుకుంటున్నారట. ఆమె మరిది గడప తొక్కనివ్వలేదట.

"మావోడు ఎవ్వర్ని ముంచేటోడు గాదని నేనంటే, నీ సంతకమే ఉన్నది గదా అన్నరు" అంది. వెంటనే నా వైపు తిరిగి, "మీరు రాసిందేం అబద్ధం గాదు గదా మేడమ్. మీ బాధ మీది" అంది.

నేను కంచం ఎత్తి కడగడానికి పోయాను. అప్పటికి అది నిజమనే నా నమ్మకం.

*

జూన్‌లో ప్రిలిమ్స్ అయిపోయిన మరుసటి ఆదివారం. అశోక్‌నగర్ ఆ ఒక్క రోజు ఖాళీగా ఉంటుంది. పిల్లలు సగం మంది ఊళ్ళకు పోతారు, టీ బండ్ల దగ్గర కుక్కలు పడుకుంటాయి. ఆ రోజు ఫోన్ రాలేదు, అంతకుముందు ఆదివారం కూడా రాలేదు. బుచ్చమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది.

"మావోడు మీకు డౌట్లు పంపుతుండెనట గదా, ఫోన్‌ల. ఉన్నయా అవి?"

"ఉంటయి."

"ఏం రాస్తుండె? జర చదువు మేడమ్, వింట."

ఒక మాట చెప్పాలి. నా ఫోన్‌కు వారానికి మూడు నాలుగు వందల సందేశాలు వస్తాయి. ఆదివారం పొద్దున్నే టీ తాగుతూ అన్నీ ఒక్క ఊపులో చూస్తాను. జవాబు చెప్పాల్సినదైతే రెండు ముక్కలు రాస్తాను, లేకపోతే బొటనవేలు బొమ్మ పెడతాను. ఇక్కడ పాఠం చెప్పేవాళ్ళందరం ఇంతే. చూశాను, సరే, చదువుకో, అని దాని అర్థం. ఆ బొమ్మ వస్తే చాలు పిల్లలు సంబరపడతారు.

తిమ్మయ్య పేరు వెతికి, పైనుంచి చదవడం మొదలుపెట్టాను. "మేడమ్, వర్సెయిల్స్ సంధి తేదీ బుక్కుల వేరే ఉంది, ఏది కరెక్ట్?" బుచ్చమ్మ నవ్వుకుంది. "మేడమ్, మీరు జ్వరంతోని వచ్చి క్లాస్ చెప్పిండ్రు, థాంక్స్." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మేడమ్, ఆన్సర్‌ల మ్యాప్ వేస్తే మార్కు ఎక్కువ వస్తదా?" అట్లా పదిహేనో ఇరవయ్యో చదివాను. చివరిది పెద్దగా ఉంది. జనవరి రెండో ఆదివారం నాటిది.

"మేడమ్ నమస్తే. అనుదీప్ అన్న రష్యాల హెల్పర్ జాబ్ వీడియో చూపించిండు. ఏజెంటుతోని మాట్లాడిండు. యుద్ధం దగ్గరకు పంపరంట. నన్ను గూడ రమ్మని నాలుగు రోజుల నుంచి అడుగుతుండు, ఒక్కణ్ణి పోవాల్నంటే భయమంట. ఇంట్ల దుబాయ్ అని చెప్తున్నడు. నాకు మనసొప్పుతలేదు మేడమ్. మీరు పొమ్మంటే పోత. వద్దంటే ఆగుత."

దాని కింద నా బొటనవేలు బొమ్మ ఉంది.

"ఇంకేం రాసిండు?" అంది బుచ్చమ్మ.

"ఇగ లేవక్కా. అంతే."

"మంచిగ రాసిండు గదా?"

"మంచిగ రాసిండు" అన్నాను. ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాను. ఆమె లేచి టీ పెట్టడానికి పోయింది.

ఆ రోజు నుంచి ఆమె తప్పయింది అన్నప్పుడల్లా నేను లేచి అవతలి గదిలోకి పోయేదాన్ని. చెప్పాలని రోజూ అనుకున్నాను. పిల్లలిద్దరూ రానీ, వచ్చాక తీరిగ్గా చెప్తాను, అప్పుడు అందరం కలిసి నన్ను తిట్టుకోవచ్చు అని నాకు నేనే వాయిదా వేసుకున్నాను. నేను అంత పిరికిదాన్నని నాకు నలభై రెండేళ్ళు వచ్చేదాకా తెలియదు.

*

జులైలో, రెండో క్లాసు అయిపోయి మెట్లు దిగుతుంటే ఫోన్ వచ్చింది. మొదటి మాటకే అది అనుదీప్ గొంతు కాదనిపించింది.

"అక్కా, నేను దవాఖాన్ల ఉన్న. ఎడమ చెవు వినస్తలేదు. రెండు వేళ్ళు పోయినయి. మమ్మల్ని ఇంటికి పంపుతమంటున్నరు."

"తిమ్మయ్య?"

"లేడక్కా."

వీధిలో జెరాక్స్ షాపుల ముందు పిల్లలు వరసలు కట్టి ఉన్నారు. ఒక అమ్మాయి నమస్తే మేడమ్ అంది. నేను తల ఊపాను.

"నా పక్కనే ఉండె. డ్రోన్ వచ్చింది. నన్ను గుంతల్కి నూకిండు. నేను చూసిన అక్కా. నువ్వే చెప్పాలె వాళ్ళమ్మకు, నాతోని కాదు."

అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి నడిస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో, ఎట్లా మొదలుపెట్టాలి అని తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. ఇల్లు చేరేసరికి ఇద్దరూ నేల మీద కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. నేను చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చి, బుచ్చమ్మ ఎదురుగా కూర్చుని, చెప్పేశాను. పాఠం చెప్పడం తప్ప ఏమీ రానిదాన్ని, రెండే వాక్యాలలో చెప్పాను.

ఆమె చేతిలో ఆకు అట్లాగే ఉంది. అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మీవోడు?" అంది బుచ్చమ్మ.

"వస్తున్నడు."

"మంచిది" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది, అప్పటికి కన్నీళ్ళు లేవు. చేతిలో ఆకు గిన్నెలో వేసి మళ్ళీ అంది. "మావోడు తీస్కపోయిండని మీవోడు మనసుల పెట్టుకోవద్దని చెప్పు మేడమ్. పోయినోని మీద కోపం వద్దు."

ఇక నా వల్ల కాలేదు. "అక్కా, మీవోడు తీస్కపోలే. మావోడే తీస్కపోయిండు" అన్నాను. ఫోన్ తీశాను. "నువ్వు అడిగిన నాడు ఒకటి చదవలే."

"చదువు."

చదివాను. అమ్మ "ఇప్పుడే చెప్పాల్నా మనోరమా" అని నా మోచెయ్యి పట్టుకుంది. నేను ఆపలేదు. బొటనవేలు బొమ్మ సంగతి కూడా చెప్పాను. చదవకుండానే పెట్టానని చెప్పాను. ఆమెకు అది ఒకసారికి అర్థం కాలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"వద్దంటే ఆగుత అన్నడా?"

"అన్నడక్కా."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి, దండెం మీది చీరలు తీసి సంచిలో సర్దుకుంది. అమ్మ ఏడుస్తూ అడ్డం నిలబడితే పక్కకు జరిపి మెట్లు దిగింది. నేను ఆటోలో బస్టాండు దాకా వెంట పోయాను. బస్సు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి నా వైపు చూడలేదు.

మరుసటి సోమవారం నేను కొత్త అర్జీ రాసి ఇచ్చాను, మొదటి దాంట్లో రాసింది తప్పని, తప్పు నాదని. ముద్ర వేసిన రసీదు ఇచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

*

అనుదీప్ సెప్టెంబరులో వచ్చాడు. విమానాశ్రయంలో వాణ్ణి అమ్మ గుర్తుపట్టలేదు. ఇంటికి వచ్చాక వారం రోజులు ఫ్యాను వేయనివ్వలేదు, ఆ చప్పుడు వాడికి పడదు. ఒక మధ్యాహ్నం అడిగాను.

"ఎందుకు పోయినవ్‌రా? ఆ దినం నేనన్న మాటకా?"

వాడు ఆలోచించాడు. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "ఏ మాట?" అన్నాడు. "ఏమో అక్కా. వీడియో చూసిన, మంచిగనిపించింది. పాస్‌పోర్ట్ ఉండె." ఏడు నెలలు నేను మోసిన బరువు వాడికి గుర్తే లేదు. తేలికపడాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది.

ఆ రెండు నెలల్లో బుచ్చమ్మ మా ఫోన్ ఎత్తలేదు. అనుదీప్ వచ్చిన పదో రోజున ఆమే చేసింది. కొడుకు శవం రాలేదు, వస్తుందో లేదో ఎవరూ చెప్పడం లేదు. కళ్ళతో చూసినవాడు వచ్చి చెప్పందే కర్మ, దినం పెట్టుకోవద్దని వాళ్ళ పెద్దమనుషులు ఆపారట.

"శుక్రవారం పెట్టుకున్నం. మీవోణ్ణి తోల్కరా" అంది. ఆగి, "నువ్వు గూడ రావాలె. నీతోని పనున్నది" అంది. మేడమ్ అనలేదు.

దేవరకద్ర దాటాక బస్సు దిగి ఆటోలో పోయాం, అమ్మ కూడా వచ్చింది. ఇంటి ముందు షామియానా, కుర్చీలో తిమ్మయ్య ఫోటో, హాల్‌టికెట్ కోసం దిగిందే పెద్దది చేయించారు. పెద్దమనుషులు అనుదీప్‌ను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగారు. "చూసినవా బిడ్డా?" "చూసిన" అన్నాడు వాడు. వాళ్ళకు అంతే చాలు, పూజ మొదలైంది.

వెనకాల ఆడవాళ్ళు గుసగుసలాడడం నాకు వినపడింది. "గీ పిలగాన్నేనట మన తిమ్మడు తోల్కపోయింది. పాపం, వేళ్ళు జూడు."

బుచ్చమ్మకూ వినపడింది. ఫోటో పక్కనుంచి లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని షామియానా మధ్యకు తెచ్చింది.

"చెప్పు" అంది.

నాకు గొంతులోకి క్లాసు మాటే వచ్చింది. "వాస్తవానికి ఈ సంఘటనకు దారితీసిన పరిస్థితులను గమనించినట్లయితే" అని మొదలుపెట్టాను.

"గట్ల గాదు. అందరికి సమజయ్యేటట్టు చెప్పు."

అందరూ నా వైపే చూస్తున్నారు. వాళ్ళలో ఎవరి చేతిలోనూ పెన్ను లేదు.

"తిమ్మయ్య మా తమ్ముణ్ణి తోల్కపోలే" అన్నాను. "మా తమ్ముడే తిమ్మయ్యను తోల్కపోయిండు. తిమ్మయ్యకు ఇష్టం లేదు. పోవాల్నా వద్దా అని నన్ను అడిగిండు. వద్దంటే ఆగుత అన్నడు. నేను చదవలే. సరే అన్నట్టు బొమ్మ పెట్టిన."

అనుదీప్ వినపడే చెవి వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. నేను పోయి అమ్మ పక్కన కూర్చున్నాను. అయిపోయిందనుకున్నాను.

దినానికి చుట్టాలు ఒక్కసారి రారు. పొద్దుటి బస్సుకు కొందరు, పదకొండు గంటల బస్సుకు కొందరు, పొలం పని చూసుకుని కొందరు. మక్తల్ నుంచి బుచ్చమ్మ ఆడబిడ్డ వచ్చింది. ఇద్దరూ పట్టుకుని ఏడ్చాక, బుచ్చమ్మ ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"చెప్పు."

లేచి నిలబడి మళ్ళీ చెప్పాను. తర్వాత మరిది వచ్చాడు, ఆమెను గడప తొక్కనివ్వని మనిషి. అతనికి చెప్పాను. భోజనాల వేళకు పక్క ఊరి వాళ్ళు ట్రాక్టరులో దిగారు. వాళ్ళకు చెప్పాను. అమ్మ నా కొంగు పట్టుకుని లాగింది.

"ఎన్నిసార్లు చెప్పిస్తదే? ఇగ కూసో."

"ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లమ్మా" అన్నాను. అమ్మ కొంగు వదిలేసింది. తర్వాత బుచ్చమ్మ పిలిచినప్పుడు నాతో పాటు తనూ లేచి, మోకాళ్ళ నొప్పితోనే నా పక్కన నిలబడింది. "అవు, మావోడే. నేనే తెల్వక ఎవ్వరడిగినా గట్ల చెప్పిన" అంది.

విస్తళ్ళు ఎత్తేశాక ఆఖర్న ఒక ముసలమ్మ వచ్చింది. బుచ్చమ్మకు మేనత్త అవుతుందట, మనవరాలు చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఫోటో ముందు కూర్చుని, దాన్ని తడిమి తడిమి ఏడ్చింది.

"ఆమెకు చెవుడు. దగ్గరకు పోయి గట్టిగ చెప్పు" అంది బుచ్చమ్మ.

ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కొక్క మాటా గట్టిగా చెప్పాను. ఆమె తల ఊపుతూ విన్నది.

"మా పిలగాడు తీస్కపోలేదా?"

"తీస్కపోలేదవ్వా."

"మరి కాయితంల గట్ల రాసి ఉన్నదంటిరి. అందరు జెప్పిరి నాకు. ఎవరు రాసిండ్రు గట్ల?"

నేను బుచ్చమ్మ వైపు చూశాను. ఆమె ఏమీ అందించలేదు.

"నేనే రాసినవ్వా" అన్నాను, ఆమెకు వినపడేటంత గట్టిగా.